యోనా గారి గిటారు, నా శ్రుతి బూర

నిరుడు ఇదే పత్రికలో కొల్లేటి ప్రయాణం గురించి నేను రాసిన వ్యాసం చదివినవాళ్ళు దయచేసి దాన్ని మరిచిపోవాలి. చదవనివాళ్ళు అదృష్టవంతులు. అందులో కొంగలు నిజం, చేపల పులుసు నిజం, దోనెలో తడిసిన పంచె నిజం. పాడైపోయిన ఒక గిటారును ఏలూరు సంగీత సభ సహాయ కార్యదర్శి బాగుచేసి, ముసలి వాద్యగాడి పరువు కాపాడాడన్న ముక్క మాత్రం పచ్చి అబద్ధం. ఆ సహాయ కార్యదర్శిని నేనే. ఆ గిటారును పాడుచేసింది నేనే. బాగుచేసుకున్నది యోనా గారు.

ఆ అబద్ధం మూలాన ఇప్పుడు ఆయన వాయించే చోటు పోయేట్టుంది. అంచేత అదే దారిన ఇంకోసారి మిమ్మల్ని తీసుకెళతాను. దారి మారలేదు. చెప్పేవాడు కొంచెం మారాడని నమ్మండి.

తాడేపల్లిగూడెం

నేను ఏలూరు జిల్లా కోర్టులో గుమాస్తాను. సాయంత్రాలు సంగీత సభలో సహాయ కార్యదర్శిని. సహాయ కార్యదర్శి అంటే పందిట్లో జంపఖానాలు పరిచేవాడని మా ఆవిడ అంటుంది. కానీ నాకు కొంత వీణ వచ్చు, శ్రుతిజ్ఞానం చాలా ఉందని నమ్మకం. మద్రాసులో కొన్న చిన్న శ్రుతి బూర ఒకటి ఎప్పుడూ నా కోటు జేబులో ఉండేది. ఊదితే షడ్జమం పలుకుతుంది. ఎవరి కచేరీకి వెళ్ళినా మొదట దాన్ని మెల్లగా ఊది, విద్వాంసుడి శ్రుతి సరిగ్గా ఉందో లేదో చూసి, తల అడ్డంగానో నిలువుగానో ఆడించేవాణ్ణి. నా పక్కన కూర్చోవడం జనం మానేశారు. గౌరవం కొద్దీ అనుకున్నాను.

కోర్టులో నా పక్క బల్ల ఆయన క్రైస్తవుడు. ఆయనే చెప్పాడు: గూడెంలో యోనా గారని ఒక పెద్దాయన ఉన్నాడు, గిటారు వాయిస్తాడు, మీ సభలో అలాంటిది ఎప్పుడూ విని ఉండరు అని. మా సభలో విననిది అంటూ ఉంటుందా అని నాకు పౌరుషం వచ్చింది. సభలో ఓ అరగంట ఇవ్వదగ్గవాడో కాదో తేల్చి వద్దామని, మాఘమాసం చివర్లో సెలవు పెట్టి బండెక్కాను.

గూడెం స్టేషను బయట హోటల్లో ఇడ్లీలు మా ఏలూరు ఇడ్లీల కంటే పెద్దవి, చట్నీ మాత్రం అడిగితేగాని వెయ్యరు. కాఫీ అర్ధణా. ఏలూరులోనూ అర్ధణాయే కానీ ఇక్కడ గ్లాసు నిండా పోస్తారు. ఈ తేడా గురించి నేను హోటలాయనతో చాలాసేపు మాట్లాడాను. ఆయన చివరికి, "ఏవండీ, మీరు తాగడానికి వచ్చారా, కొలవడానికి వచ్చారా అండి?" అన్నాడు.

యోనా గారి ఇల్లు రైసుమిల్లు వెనక మిషను పేటలో ఉంది. అరవై దాటిన మనిషి, పొడుగరి. కొబ్బరిచిప్ప మసీ నూనే కలిపి మీసానికి నలుపు వేస్తాడు. ఆ నలుపు పై పెదవికి కూడా కొంచెం అంటుకుని ఉంది. నేను వయసులో ఆయన కంటే పదిహేనేళ్ళు చిన్నవాణ్ణి. అయినా గుమ్మంలో నిలబడి, "యోనా నువ్వేనా?" అన్నాను. అలా అన్నానన్న సంగతి కూడా నిరుడు రాయలేదు.

"నేనేనండి," అన్నాడు. "తమరు?"

సభ పేరు చెప్పాను. వాయించి వినిపించమన్నాను.

"ఇంట్లో వాయించనండి. మా ఆవిడకి పడదు."

లోపలినుంచి ఆయన భార్య శాంతమ్మ గారి గొంతు వినిపించింది. "వాయిస్తే వాయించమనండి బాబూ. అన్నం కూడా ఆ తీగల మీదే వండుకోమనండి."

మర్నాడు కొల్లేటి లంక ఒకదానికి వెళుతున్నాననీ, అక్కడి చర్చిలో కోతల పండగకి ముప్ఫై ఏళ్ళుగా తానే వాయిస్తున్నాననీ, వినాలంటే అక్కడికి రమ్మనీ చెప్పాడు. అంటే ఏలూరు మీదుగానే వెళ్ళాలి. నేను ఏలూరులో కూర్చుని ఉంటే ఆయనే నా ముందునుంచి వెళ్ళేవాడన్నమాట.

గిటారు కథ అడిగాను. పదహారో ఏట కూలీల ఓడెక్కి రంగూను వెళ్ళాడట. బియ్యం మిల్లుల్లో బస్తాలు మోశాడు. రేవులో మరమ్మత్తుకి ఆగిన అమెరికా ఓడలో వంట చేసే నల్లాయన ఒకడు సాయంత్రాలు ఈ గిటారు పట్టుకుని పాడుతుంటే పక్కన చేరి నేర్చుకున్నాడు. ఓడ వెళ్ళిపోయేటప్పుడు ఆయన గిటారు ఇచ్చేసి పోయాడట.

"ఊరికే ఇచ్చాడా?" అన్నాను.

"ఊరికే ఎందుకిస్తాడండి? నెలల తరబడి ఆయన ఉల్లిపాయలన్నీ నేనే కదండీ తరిగాను."

ఆ గిటారును వేళ్ళతో నొక్కి వాయించడు. మందు సీసా మెడ విరగ్గొట్టి, రాతి మీద అరగదీసి, ఎడమచేతి చిటికెన వేలుకి తొడుక్కుని తీగల మీద జారుస్తాడు. తీగల మీద కొయ్య జార్చి వాయించే మా గోటువాద్యం లాంటిదే అని నేను వెంటనే తేల్చేశాను.

ఆ సాయంత్రమే ఇద్దరం ఏలూరు బండెక్కాం. ఆ ఏటి పండగ మామూలు పండగ కాదని దారిలో తెలిసింది. లంకలో కుర్రకారుకి ఊరూరా తిరిగే హార్మోనియం పార్టీ మీద మోజు పుట్టింది. సంఘ పెద్ద మధ్యేమార్గంగా, ఈ ఏడు యోనా గారు వాయిస్తారు, బాగుంటే సరే, తడబడితే వచ్చే ఏటినుంచి హార్మోనియమే అని తీర్పు చెప్పాడు. పైగా అంతకు ముందు ఏటి చలిజ్వరానికి క్వినైను మింగి మింగి యోనా గారికి చెవి మోత పట్టుకుంది.

"కుడి చెవిలో కీచురాయి కాపురం పెట్టిందండి," అన్నాడు. "అద్దె ఇవ్వదు, ఖాళీ చెయ్యదు."

నవ్వుతూనే అన్నాడు. కానీ రైల్లో కూర్చున్నంతసేపూ వేలితో చెవి మూసి, తీసి, మళ్ళీ మూసి చూసుకుంటూనే ఉన్నాడు. బతుకంతా వినడం మీదే నడిచినవాడికి అది ఎంత భయమో నాకు తట్టలేదు. నేను మా సభ గొప్పతనం చెబుతున్నాను.

ఎదురుగా నిమ్మకాయల గంపతో ఒకావిడ కూర్చుంది. ఆయన ఒళ్ళో మైనం గుడ్డ చుట్టిన గిటారును చూసి, "పసిబిడ్డా అండి?" అంది.

"మనవడమ్మా. నోరు తెరిస్తే బండి దిగిపోతారు," అన్నాడాయన.

ఏలూరు

ఆ రాత్రి ఆయన మా ఇంటి అరుగు మీద పడుకున్నాడు. అన్నం అరుగు మీదే విస్తరిలో పెట్టించాను. వసారాలో రెండు చాపలు ఖాళీగా ఉన్నాయి. నిరుటి వ్యాసంలో "మా ఇంట ఆతిథ్యం స్వీకరించాడు" అని రాశాను. ఎంత చక్కటి వాక్యమో చూడండి. అరుగూ కనిపించదు, విస్తరీ కనిపించదు.

ఉదయాన్నే మా ఆవిడ చింతపండు పులిహోర మూట కట్టిచ్చింది. లంకలో ఎవరింట్లోనూ తినకుండా గడుపుదామని నా ఎత్తు. ఎడ్లబండిలో కొల్లేటి ఒడ్డు చేరేసరికి పొద్దెక్కింది.

కొల్లేరు

కొల్లేటిని చూడనివాళ్ళకి ఒక్క మాట. అది నీళ్ళా నేలా అని మొదట తేల్చుకోలేం. ఇటు చూస్తే తూడు, అటు చూస్తే తుంగ, మధ్యలో నడిచే నీటిదారులు. గూడకొంగలు బారులు తీరి కూర్చుంటాయి. పెద్ద సంచి లాంటి దవడ వేసుకుని, ఏమీ చెయ్యకుండా, అందర్నీ చూస్తూ. మా సభ కార్యదర్శి గుర్తొచ్చాడు. కాసేపటికి నేనే గుర్తొచ్చాను.

తాటి మొద్దు తొలిచిన దోనెలో ఎక్కాలి. ఎక్కేటప్పుడు మధ్యలో కాలు పెట్టి వెంటనే కూర్చోవాలి. నేను అంచున కాలు పెట్టి, కోటు సర్దుకుందామని నిలబడ్డాను. నడుం దాకా తడిసి లేచాక దోనె నడిపే సుబ్బయ్య, "పర్వాలేదండి, ఇక్కడ అందరూ ఒకసారి మొక్కు తీర్చుకుంటారండి," అన్నాడు.

యోనా గారు నావైపు చూడలేదు. గిటారు మీద నీటిచుక్కలు పడ్డాయేమోనని చూసుకుంటున్నాడు.

"మనవడు తడిశాడా?" అన్నాను.

"లేదండి. తాత గారే తడిశారు," అన్నాడు.

మధ్యాహ్నానికి ఆకలేసి పులిహోర విప్పాను. అది కూడా ఆ నీళ్ళలో మునిగిందే. కొంగలకి వేశాను. అవి కూడా వాసన చూసి వెనక్కి తగ్గాయి.

లంక

ఊరు పేరు రాయను. రాయకపోయినా వాళ్ళకి తెలుస్తుంది. నీటి మధ్య మెరక మీద నలభై యాభై గడప, తాటాకు ఇళ్ళు, మట్టిగోడల చర్చి. సంఘ పెద్ద దేవసహాయం గారు ఒడ్డుకి ఎదురొచ్చాడు. ఆయన భార్య మరియమ్మ గారు నా తడి పంచె చూసి, ఉతికిన పంచె ఒకటి తెచ్చి, ఏమీ అడక్కుండా చేతిలో పెట్టింది.

ఎవరింట్లోనూ తిననన్న నా వ్రతం కొరమేను పులుసు వాసనకి ఆగలేదు. మామిడికాయ వేసి కుండలో కాచిన పులుసు. మా ఇంట్లో చేపల పులుసు తినేటప్పుడు ముల్లు చూసుకుంటాం. అక్కడ ముల్లు గుర్తుకే రాలేదు. మూడోసారి వడ్డించబోతూ మరియమ్మ గారు, "మొహమాటపడుతున్నారండి," అంది. ఆవిడ చమత్కారమో కాదో ఇప్పటికీ తెలియదు.

కోతల పండగ అక్కడ రెండు రోజులు. మొదటి సాయంత్రం పాటలు, ప్రార్థన. రెండో ఉదయం కానుకల వేలం. ఎవరి పంట వాళ్ళు, ఎవరి కోళ్ళు వాళ్ళు తెచ్చి దేవుడి ముందు పెడతారు. తర్వాత వాటిని పాట పెడతారు. పాడుకున్నవాడు ఇష్టమైతే ఆ వస్తువును మళ్ళీ దేవుడికే ఇచ్చేయొచ్చు, అది మళ్ళీ పాటకి వస్తుంది. ఒక్క గుమ్మడికాయ నాలుగిళ్ళ పేరు మీద అమ్ముడుపోవడం నేను కళ్ళారా చూశాను.

పొద్దు వాలుతుండగా యోనా గారు చర్చిలో బల్ల మీద కూర్చుని గిటారు బయటికి తీశాడు. ఎడమ చెవి గిటారు పొట్టకి ఆనించి, ఒక్కొక్క తీగా బిగించుకున్నాడు. చాలాసేపు పట్టింది. అయ్యాక లేచి, ముఖం తుడుచుకున్నాడు.

"అన్నం తిని వస్తానండి. కాస్త చూస్తూ ఉంటారా? కుక్కలు తిరుగుతున్నాయి."

"నిశ్చింతగా వెళ్ళు," అన్నాను.

"ముట్టకండేం," అన్నాడు గుమ్మంలోంచి.

కుక్కలేవీ రాలేదు. వచ్చినా బాగుండేది.

ఆరు తీగలు

నేను ఒక్క వేలితో తీగలు మీటాను. షడ్జమం, పంచమం, షడ్జమం, బాగానే ఉన్నాయి. తర్వాతి తీగ గాంధారం. ఆ గాంధారం ఏ గాంధారమూ కాదు. సాధారణ గాంధారానికి పైన, అంతర గాంధారానికి కింద, ఆ రెంటి మధ్యలో ఎక్కడో వేలాడుతోంది. చెవి మోతతో పాపం తెలియలేదు, కొల్లేటి చెమ్మకి దిగిపోయింది అనుకున్నాను. ఇలాగే వాయిస్తే హార్మోనియం వాళ్ళు నెగ్గుతారు. ఆయన్ని నేను కాపాడాలి.

బూర తీశాను. ఊదాను. తీగ బిగించాను. అంతరగాంధారం నిఖార్సుగా పలికింది. అయితే ఇప్పుడు దాని పక్కది తేడాగా అనిపించింది. దాన్నీ సరిచేశాను. దాంతో మొదటిది దిగినట్టుంది. చివరికి ఆరు తీగలూ మా సభలో ఏ మూల కూర్చుని విన్నా తప్పు పట్టలేనంత శుద్ధంగా తయారయ్యాయి. చేసిన ఉపకారం చెప్పుకోకూడదని కూడా నిర్ణయించుకున్నాను. నా జీవితంలో వినయం పాటించింది ఆ ఒక్క సాయంత్రమే.

చర్చి నిండింది. పెట్రోమాక్సు దీపం వెలిగించారు. హార్మోనియం కావాలన్న కుర్రాళ్ళు వెనక గోడకి ఆనుకుని చేతులు కట్టుకు నిలబడ్డారు. యోనా గారు సీసా మెడ వేలికి తొడిగి, కళ్ళు మూసుకుని, ఆరు తీగల మీదా ఒక్కసారి బొటనవేలు లాగాడు.

కళ్ళు తెరిచాడు.

మళ్ళీ లాగాడు. ఎడమ చెవి ఆనించాడు. ఒక మర తిప్పాడు, వెనక్కి తిప్పాడు, ఇంకోటి తిప్పాడు. మనుషులు కదిలారు. వెనకనుంచి ఒకడు, "తాతా, హార్మోనియం తెమ్మంటారా?" అన్నాడు. నవ్వులు. ఆయన ఇంకా తిప్పుతూనే ఉన్నాడు. తిప్పినకొద్దీ ఎక్కడినుంచి మొదలుపెట్టాలో దారి తప్పిపోయాడు. తాను స్వయంగా బిగించుకున్న తీగలు, ఎవరూ ముట్టని తీగలు, గంటలో మారిపోవు. మారింది తన చెవే అనుకున్నాడు. అలా అనుకుంటున్నాడని ఆయన ముఖంలో నాకు కనబడింది.

గిటారును బల్ల మీద పడుకోబెట్టి లేచాడు. "క్షమించండమ్మా," అన్నాడు, ఆడవాళ్ళు కూర్చున్న వైపు చూసి. "నాకు వినబడ్డం లేదు."

నేను మూడో వరసలో ఉన్నాను. లేచి రెండు మాటలు చెబితే సరిపోయేది. లేచాను కూడా. పక్కాయన నీళ్ళ కోసమనుకుని చెంబు అందించాడు. తాగి కూర్చున్నాను.

వేలం

ఉదయం చర్చి ముందు కానుకలు పరిచారు. ధాన్యం బస్తాలు, ఆనపకాయలు, కోళ్ళు, బాతులు, ఎండుచేపల కట్టలు, ఆ గుమ్మడికాయ. వాటి మధ్య, మైనం గుడ్డ మీద, గిటారు.

"ఇదేంటండి?" అన్నాను దేవసహాయం గారితో.

"యోనా గారి కానుకండి. ఇక తనకి పనికిరాదు, దేవుడికి ఇచ్చేస్తానన్నాడండి. వద్దంటే వినలేదు."

చెప్పేద్దామనుకున్నాను. కానీ ఇంతమందిలో ఎలా? దానికంటే గిటారు నేనే పాడుకుని, గుట్టుగా ఆయనకిచ్చేస్తే తీరిపోతుంది కదా. తప్పు చెప్పకుండా తప్పు దిద్దుకునే ఈ ఉపాయం నాకు చాలా తెలివైనదిగా తోచింది. వేలం పాటలో ఎప్పుడూ పాడినవాణ్ణి కాదు కనుక, గొంతు సరిచూసుకుందామని ముందు ఒక బాతు మీద అర్ధరూపాయి అన్నాను. ఎవరూ పై పాట పాడలేదు. బాతు నాదైంది.

గిటారు వంతు వచ్చింది. దేవసహాయం గారు దాన్ని పైకెత్తి, "రంగూను గిటారండి! అమెరికా వాళ్ళది!" అన్నాడు. ఎవరూ నోరెత్తలేదు. హార్మోనియం కుర్రాళ్ళు కూడా నేల చూపులు చూస్తున్నారు. చివరికి ఎవరో ముసలమ్మ జాలిపడి, "పావలా," అంది. గుమ్మడికాయ దానికి ఎన్నో రెట్లు పలికింది.

యోనా గారు అది విన్నాడు. ఆ దూరంనుంచి ఆ ముసలమ్మ గొంతు ఆయనకి చక్కగా వినబడింది. నేను చూశాను. మొహం తిప్పుకుని నీటిరేవు వైపు నడిచాడు.

ఆవిడ మీద నేను ఎంత పాడానో రాయను. ఆవిడకి ఎదురు పాడాల్సి రావడమే చాలినంత సిగ్గు.

ఒక చంకలో గిటారు, ఇంకో చంకలో బాతుతో రేవు దగ్గరికి వెళ్ళాను. ఆయన బోర్లించిన దోనె మీద కూర్చుని ఉన్నాడు.

"తీసుకోండి," అన్నాను. మొదటిసారి 'అండి' వచ్చింది. బాతు వల్ల కాదు, భయం వల్ల.

"నాకెందుకండి? మీరే ఉంచుకోండి. మీకు శ్రుతి తెలుసు."

ఆ మాటకి నా ఉపాయం కూలిపోయింది.

"నిన్న సాయంత్రం నేను ముట్టాను," అన్నాను.

ఆయన మెల్లగా తల తిప్పాడు. "ఎన్ని?"

"ఆరూ."

"ఎందుకండి?"

"తప్పుగా ఉన్నాయనుకున్నాను."

తిడతాడనుకున్నాను. నీళ్ళలోకి తోసినా ఆశ్చర్యపడేవాణ్ణి కాదు. ఆయన చిటికెన వేలు కుడి చెవిలో పెట్టుకుని, తీసి, "మళ్ళీ చెప్పండి," అన్నాడు.

"ఆరు తీగలూ నేనే మార్చాను."

"ఇంకోసారి చెప్పండి."

చెప్పాను. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, మీసం కింద నవ్వుతున్నాడు. నలుపు కరిగి గడ్డం మీదికి వస్తోంది. "అయితే నా చెవి బాగానే ఉందండి," అన్నాడు నాతో కాదు, ఎవరితోనో. "ఒసే శాంతమ్మా, బాగానే ఉందే!" శాంతమ్మ గారు అక్కడికి ఒక రైలు, ఒక బండి, ఒక దోనె దూరంలో ఉంది.

తర్వాత నా వైపు తిరిగాడు. "ఆ బూర ఒకసారి ఇప్పిస్తారా?"

ఇచ్చాను. ఊది చూశాడు. బాతుకి వినిపించాడు. నీళ్ళలోకి విసిరేశాడు.

కచేరీ

వేలం ఇంకా నడుస్తూనే ఉంది. ఆయన రేవు దగ్గరే తీగలు సరిచేసుకుని వచ్చి, అడక్కుండానే చర్చి మెట్టు మీద కూర్చుని మొదలుపెట్టాడు. దేవసహాయం గారి చేతిలో గుమ్మడికాయ అలాగే ఉండిపోయింది.

రంగూను రేవులో కూలీలు పాడుకునే పాట. ఒక మాట రెండుసార్లు అంటాడు. అన్న ప్రతిసారీ గిటారు దానికి బదులు చెబుతుంది. మూడోసారి ఇంకో మాట అంటాడు.

ఓడ కదిలిపోయిందే, రేవు కదల్లేదే,
ఓడ కదిలిపోయిందే, రేవు కదల్లేదే,
నా మూట ఓడలో ఉంది, నేనేమో రేవులోనే.

మొదట కుర్రాళ్ళు నవ్వారు. ఆ పాట నవ్వొచ్చేదే. నాలుగోసారి మూట దగ్గరికి వచ్చేసరికి ఎవరూ నవ్వలేదు. ఆ ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ రంగూను వెళ్ళి తిరిగి రానివాళ్ళు ఒకరైనా ఉన్నారని మరియమ్మ గారు తర్వాత చెప్పింది. సీసా మెడ తీగ మీద జారుతూ గాంధారం వైపు వెళుతుంది, చేరబోతుంది, చేరదు. నేను తప్పనుకున్న చోటు అదే. ఏడుపు మింగుకుంటూ మాట్లాడే మనిషి గొంతు నిలిచే చోటు. నా బూరలో ఆ చోటు లేదు. నా చెవి చాలా ఏళ్ళుగా మంచి మంచి కచేరీలు విన్నది గానీ, ఎవరూ నాతో మాట్లాడుతున్నట్టు అనిపించలేదు. ఆ ఉదయం అనిపించింది. ఏం మాట్లాడారో చెప్పలేను.

మధ్యలో ఒక తీగ తప్పు మీటాడు. నావైపు చూసి కన్ను గీటాడు.

ఎండ నడినెత్తికి వచ్చేదాకా వాయించాడు. గుమ్మడికాయను ఆ రోజు ఇంకెవరూ పాడుకోలేదు. పాట ఆగాక హార్మోనియం కుర్రాడొకడు వచ్చి గిటారు కింద తన తువాలు పరిచాడు.

ఇక్కడ ఆగి ఉంటే నేను మంచివాణ్ణే. దేవసహాయం గారు బంతిపూల దండ తెచ్చాడు. యోనా గారిని దాటి వచ్చి నా మెడలో వేశాడు.

"నిన్న చచ్చిపోయిన వాద్యమండి! ఏలూరు బాబు గారు పాడుకుని, రేవు దగ్గర కూర్చుని, చెయ్యేసి బతికించారండి!"

జనం చప్పట్లు కొట్టారు. నేను నోరు తెరిచాను. యోనా గారు నావైపే చూస్తున్నాడు, ఒక మాట కోసం ఆగినట్టు. దండ చల్లగా, బరువుగా ఉంది. నేను దండం పెట్టాను. అది కాదనడానికి పెట్టిన దండమని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను.

తిరుగు దారి

దోనెలో చాలా దూరం బాతు ఒక్కటే మాట్లాడింది.

"దండ బాగుందండి," అన్నాడు యోనా గారు ఒడ్డు కనబడుతుండగా. "పూలు కొల్లేటివి కావు. ఏలూరునుంచి తెప్పించారు. నా కోసమేమో అనుకున్నానండి."

"మీరు చెప్పొచ్చు కదా," అన్నాను.

"నేను చెబితే ముసలాడి గొణుగుడండి. మీరు చెబితే మాటండి."

ఏలూరులో మా అరుగు మీద ఆగలేదు. సాయంత్రం బండికే గూడెం వెళ్ళిపోయాడు. బాతును తీసుకెళ్ళమని బతిమాలితే, శాంతమ్మకి చెప్పడానికి ఒక్క కబురు చాలన్నాడు.

తర్వాత

తర్వాత జరిగింది మీకు తెలుసు. నేను ఆ వ్యాసం రాశాను. సభలో యోనా గారికి అరగంట ఇప్పించమని అడిగాను. ఆయన్ని తివాచీ మీద కూర్చోబెట్టడం గురించి సభ్యులు ఇబ్బందిగా దగ్గారు. దానికి బదులు, పరాయి వాద్యాల్లో శ్రుతి దోషాల మీద నన్నే ఉపన్యసించమన్నారు. ఉపన్యసించాను. బాగుందన్నారు.

పోయిన వారం దేవసహాయం గారు ఎండుచేపల కట్టతో మా ఇంటికి వచ్చాడు. వసారాలో కూర్చోబెట్టాను.

"పండగకి తమరు రావాలండి. తీగలు తమరు సరిచేస్తానంటేనే యోనా గారిని పిలుద్దామని సంఘంలో తీర్మానమైందండి. లేకపోతే హార్మోనియం పార్టీకి కబురు పెట్టేస్తాం."

చెప్పేశాను. ముట్టవద్దంటే ముట్టానని, చెడగొట్టానని, బాగుచేసుకున్నది ఆయనేనని. ఒక్క ముక్క దాచలేదు.

దేవసహాయం గారు చేతులు జోడించాడు. "ఎంత మాటండి! పెద్దవాళ్ళు ఇలాగే అంటారు."

"వినయం కాదండీ. నిజం."

"మరి అచ్చులో పడింది కదండీ," అన్నాడు జాలిగా, నాకు మతి చలించిందేమోనన్నట్టు. "చర్చి గోడకి అంటించాం. అచ్చులో అబద్ధం ఎందుకు రాస్తారండి?"

అందుకే ఇదీ అచ్చులోకి పంపుతున్నాను. దేవసహాయం గారూ, మీరు చదువుతున్నారని తెలుసు. ఆ కాగితం చించి దాని చోట దీన్ని అంటించండి. పాదిరి గారిని పండగ సాయంత్రం దీన్ని పైకి చదవమనండి, బంతిపూల దండ సంగతి వరకు వచ్చాక నెమ్మదిగా చదవమనండి. యోనా గారిని పిలవండి. నేను రాకపోయినా పిలవండి. రాను కనుకే పిలవండి.

వినాలని లేక కాదు. ఆ మూట పాట మళ్ళీ వినడానికి కొల్లేటిలో ఎన్నిసార్లైనా మునుగుతాను. కానీ నేను వస్తే, ఎంత వెనక కూర్చున్నా, మర్యాద తెలిసిన మీలో ఎవరో ఒకరు లేచి ఆ గిటారు తెచ్చి నా ఒళ్ళో పెడతారు. తీగలు ఆయన బిగించుకోవాలి, మీరందరూ చూస్తుండగా, ఎంతసేపు పట్టినా. అంచేత పండగ రోజున నేను ఏలూరులోనే ఉంటాను.